వాకబు వారంలో సర్వజ్ఞుడు

ఆ వారమంతా నేను ఒక చోట కూర్చున్న పాపాన పోలేదు. హాల్లోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి బాల్కనీలోకి, అక్కణ్ణించి మేడ మీదికి, మళ్ళీ హాల్లోకి. చందాపురలో మా అద్దె ఇల్లు మొత్తం కలిపినా ఒక పందిరిమంచానికి సరిపోదు. అందులోనే నేను నడిచిన దూరాన్ని తిన్నగా సాగదీస్తే బెంగుళూరును నిలువునా చీల్చుకుని దొడ్డబళ్ళాపురం చేరి, అక్కడ మగ్గాల చప్పుడు విని, టీ తాగి తిరిగొచ్చేంత ఉంటుంది. "కాస్త కూర్చోండి, గచ్చు అరిగిపోయిందంటే ఓనరమ్మ మన అడ్వాన్సులో పట్టుకుంటుంది" అని మా ఆవిడ పొయ్యి దగ్గర్నుంచే కేకేసింది.

కూర్చోలేకపోవడానికి కారణాలు రెండు. మొదటిది ఉపన్యాసం. బెంగుళూరులో తెలుగు కథలు రాసేవాళ్ళం డజను మందిమి నెలకో ఆదివారం కలుస్తాం. ఒకరి కథలు ఒకరం వింటున్నట్టు నటిస్తాం. ఈసారి నన్ను 'సర్వజ్ఞ కథకుడు' అనే విషయం మీద మాట్లాడమన్నారు. హాస్యం రాసుకునేవాడి నెత్తిన ఇంత బరువు ఎందుకు పెట్టారంటే, మిగతావాళ్ళందరూ ఆ ఆదివారం తమకు జ్వరం రాబోతోందని ముందే చెప్పేశారు.

సర్వజ్ఞ కథకుడంటే పెద్ద బ్రహ్మపదార్థమేమీ కాదు. కథ చెబుతాడు కానీ కథలో ఉండడు. 'నేను' అనడు. ఏ తలుపూ తట్టడు. అత్తగారు పోపు వేస్తూ మనసులో ఏమనుకుంటోందో చెప్పి, ఆ పోపు చిటపట ఆగేలోపు పక్క ఊళ్ళో బస్సు కోసం నిలబడ్డ కోడలి గుండెలో దూరి, అట్నుంచటే పదేళ్ళ తర్వాత వాళ్ళిద్దరికీ ఏమవుతుందో కూడా చూసి వస్తాడు. ఇదంతా నీకెలా తెలుసయ్యా అని పాఠకుడు అడగడు. అడగకపోవడం మీదే ఆయన బతుకుతెరువు. రాసేవాడు వేరు, ఆయన వేరు. రాసేవాడికి ఇంట్లో గ్యాసు ఎప్పుడైపోతుందో కూడా తెలియదు. ఆయనకు మాత్రం పుట్టబోయే మనవడి నక్షత్రం కూడా తెలుసు. నా కథలన్నీ నేను ఆయన చేతే చెప్పిస్తాను. నా అంత నోరున్నవాడికి ఒక్క తలకాయలో కాపురమంటే ఇరుకు.

"అందరి మనసుల్లోనూ ఏముందో చెప్పేస్తారు సరే" అంది మా ఆవిడ, ఉపన్యాసం ముసాయిదా వినిపిస్తే. "అమ్మాయి ఆ అబ్బాయితో క్యాంటీన్లో రెండేళ్ళుగా డబ్బా పంచుకుని భోంచేస్తోందని మీకు పోయిన నెల తెలిసింది. మన పప్పులో ఉప్పు ఎంత వేస్తానో ఆ అబ్బాయికి మొదటి నెలే తెలిసింది."

రెండో కారణం ఇదే. మా అమ్మాయి ఎలక్ట్రానిక్ సిటీలో పని చేస్తుంది. ఆ అబ్బాయిదీ అదే ఆఫీసు. వాళ్ళు మదనపల్లెవాళ్ళు, టమాటా మండీ వ్యాపారం. వాళ్ళమ్మకీ నాన్నకీ ఇష్టమే. కానీ ఆ ఇంట్లో మాట చెల్లేది నాయనమ్మది. వాకబు చేయించకుండా ఆవిడ పెళ్ళి సంగతి అటుంచి, పాడిగేదెను కూడా ఇంట్లోకి రానివ్వలేదట. వాకబంటే తెలిసిందే కదా. అవతలివాళ్ళ మనిషి ఒకడు చెప్పాపెట్టకుండా మన వీధిలోకొచ్చి, ఇల్లు వెతుక్కుంటున్నట్టో అడ్రసు అడుగుతున్నట్టో నిలబడి, ఇరుగుపొరుగు చేత మన గుట్టు మొత్తం చెప్పించుకుని వెళ్ళిపోతాడు. ఒక్క పుల్లవిరుపు మాట చాలు, సంబంధం గోవిందా.

సోమవారం పొద్దున అమ్మాయి బూట్ల తాళ్ళు కట్టుకుంటూ నన్ను పిలిచింది.

"నాన్నా, నాకు ఈ అబ్బాయి కావాలి. వాళ్ళ నాయనమ్మ వద్దంటే ఇక అంతే. అతను ఆవిణ్ణి ఎదిరించడు, నేను ఎదిరించమని అడగను కూడా. ఎవరో వస్తారు, అడుగుతారు, పోతారు. ప్లీజ్, ఈ వీక్ నువ్వు ఏమీ చెయ్యకు."

"ఏమీ అంటే?"

"ఏమీ అంటే ఏమీ."

నిప్పుల మీద నడవమన్నా నడిచేవాణ్ణి. ఏమీ చెయ్యకుండా ఉండమంటే నా వల్ల ఎక్కడవుతుంది? ఏ నిమిషాన ఎవడొస్తాడో తెలియదు. వచ్చినవాడు ఎవర్ని అడుగుతాడో తెలియదు. అన్నిటికన్నా నన్ను ఉడికించింది ఒకటే: వాడు కచ్చితంగా అడిగేది కింది ఇంటి ఓనరమ్మని.

ఆవిడ తాత ముత్తాతలప్పట్నుంచీ ఇక్కడే పాతుకుపోయిన తెలుగు మనిషి. ఆ తెలుగులో సగం రాయలసీమ, కాస్త కన్నడం, మిగతాది అదిలింపు. సాయంత్రమయితే ఇంటిముందు జగలి మీద, అదే అరుగు మీద, నిలబడి వీధిని కళ్ళతో ఊడుస్తుంది. ఆమధ్య నేను ఒక వారపత్రికలో ఇంటి యజమానురాలి కథ ఒకటి రాశాను. ఆవిడ ఇంట్లో అద్దె కట్టి ఉంటున్నాను కానీ, ఆ కథలో ఆవిడ తలలో మాత్రం అద్దె లేకుండా కాపురం పెట్టాను. 'ఆమె రోజూ సాయంకాలం గుమ్మంలో నిలబడుతుంది, ఎందుకంటే ఆమె గుండెలో ఒంటరితనం చీకటిలా పేరుకుంది' అని రాసి, నా కలానికి నేనే దండం పెట్టుకున్నాను. మందుల షాపు కుర్రాడెవడో దాన్ని ఆవిడకు చదివి వినిపించాడు.

"ఏమప్పా" అంది ఆవిడ మర్నాడు మెట్ల దగ్గర అడ్డంగా నిలబడి. "నా గుండెల్లో ఒంటితనం ఉండాదని రాసినావంట. ఎవురు చెప్పినారు నీకు?"

"అది కథ కదమ్మా..."

"నేను ఆడ నిలబడేది ట్యాంకు నిండినాదా లేదా అని చూసేకి. నువ్వు మోటారు వేసి మర్చిపోతావు కదా, నీళ్ళు వీధిలో పోతాయి. దానికి నిలబడతాండా. నీ మనసులో ఏమన్నా ఉంటే నీది రాసుకో. నా మనసులోకి సుమ్నె ఎందుకు వచ్చేది?"

'సుమ్నె' అంటే ఊరికే, పనీపాటా లేకుండా అని. నా సాహిత్యం మీద వచ్చిన విమర్శల్లో ఇంత పొట్టిది మరొకటి లేదు. ఆ రోజు నుంచి ఆవిడ నాతో నీళ్ళ విషయం తప్ప మాట్లాడలేదు.

అలాంటి నోటిలో నా కూతురి పెళ్ళి ఇరుక్కుంది. ఆవిడ దగ్గరికి వెళ్ళే ధైర్యం చాలలేదు. మంగళవారానికి కాళ్ళు నన్ను వీధిలోకి ఈడ్చాయి. ఇస్త్రీ బండి ఆయన దగ్గర ఆగాను. "ఎవరైనా మా అమ్మాయి గురించి అడిగితే ఏం చెప్తావు?" అన్నాను. "చుడీదార్లు బాగా మడత పెట్టమంటుంది సార్ అని చెప్తా" అన్నాడు. నా ప్రాణం ఉసూరుమంది. ఇంత గొప్ప పాత్రకు ఇంత చప్పిడి పరిచయమా? "అలా కాదు, నిండు కుండ సార్, తొణకదు అని చెప్పు" అన్నాను. కిరాణా కొట్టులోనూ అదే చెప్పాను, పూలమ్మే ఆవిడకూ అదే అప్పజెప్పాను. ఎళనీరు బండి అతనికి తెలుగు ముక్క రాదు. అయినా 'నిండు కుండ' అనే రెండు మాటలూ నాలుగుసార్లు అనిపించి, అతని కొబ్బరిబోండాల మీద చెయ్యి వేయించి మరీ ఇంటికొచ్చాను. ఆ సాయంత్రం నడకకి కాస్త ఊపొచ్చింది. వీధి మొత్తం ఇప్పుడు నా కథ.

గురువారం గంట మోగింది. తలుపు తీస్తే నలభై ఏళ్ళ మనిషి, చేతిలో సంచి, చూపు గోడల మీద. "ఇంట్లో ఎంతమంది ఉంటారు సార్?" అన్నాడు. వచ్చేశాడు! నేరుగా ఇంటికే! నేను అతన్ని సోఫాలో కూలేసి, కాఫీ ఇచ్చి, అమ్మాయి పుట్టిన రాత్రి కురిసిన వానతో మొదలుపెట్టాను. ఆమె ఆలోచనలు ఎంత లోతో, అలక ఎంత లలితమో, మౌనంలో ఎన్ని అర్థాలో అన్నీ చెప్పాను. అతను మధ్యలో "నీళ్ళు ఎలా ఉంటాయి సార్ ఇక్కడ?" అన్నాడు. ఆహా, ఎంత గడుసు వాడు, నీళ్ళని అడ్డం పెట్టుకుని ఇంటి శుభ్రత తేలుస్తున్నాడనుకుని ఇంకో కాఫీ ఇచ్చాను. రెండో కాఫీ తాగి అతను సంచి తెరిచి, "మేడమ్ ఫోన్ చేశారు సార్. ఫిల్టర్ క్యాండిల్ మార్చాలి, కిచెన్ ఎటు?" అన్నాడు. పోతూ పోతూ, "మీ పాప చాలా మంచిది సార్" అన్నాడు జాలిగా.

అసలు మనిషి శనివారం పొద్దున వచ్చాడు. నాకు తెలియనే లేదు. తడి బట్టలు ఆరేసే నెపంతో మేడ మీద పిట్టగోడ పట్టుకుని ఉన్నాను. కింద జగలి మీద ఓనరమ్మ, ఎదురుగా మెట్టు మీద ఒక పెద్దాయన. పైనుంచి నాకు కనిపించింది ఆవిడ పాపిట, ఆయన బట్టతల. సర్వజ్ఞ కథకుడికి ఇంతకన్నా మంచి చోటు ఏ కథలోనూ దొరకదు. ఇద్దరి నెత్తి మీదా నిలబడి ఉన్నాను. రెండు తలల్లోనూ ఏముందో మాత్రం ఒక్క ముక్క తెలియదు.

"ఎవురప్పా నువ్వు? బాడుగకి వచ్చినావా, పిల్లని అడిగేకి వచ్చినావా?" అంటోంది ఆవిడ.

"ఎట్ల కనుక్కుంటివమ్మా?"

"బాడుగకొచ్చినోడు ముందు నీళ్ళు అడుగుతాడు. నువ్వు మనుషుల్ని అడుగుతాండావు."

పెద్దాయన నవ్వి ఒప్పేసుకున్నాడు. తాను అబ్బాయి నాయనమ్మకి తమ్ముణ్ణని చెప్పాడు. "ఒకటి అర్థం కాలేదమ్మా. ఈ వీధిలో ఎవర్ని అడిగినా నిండు కుండ, నిండు కుండ అంటాండారు. ఆ ఎళనీరాయన కన్నడం మాట్లాడతా మాట్లాడతా నడుమ కుండ అన్నాడు. ఏం కుండమ్మా అది?"

"అది ఈ వీధి మాట కాదప్పా. పైనుండే ఆయన చెప్పిచ్చింటాడు. కథలు రాస్తాడు. ఆయన కథలో పూలమ్మేదైనా, పోలీసోడైనా ఆయన మాదిరే మాట్లాడతారు."

పిట్టగోడ మీద ఉన్న నా చేతిలోంచి తడి తువ్వాలు జారి కింద పడింది. అదృష్టం బాగుండి మందార చెట్టు పట్టుకుంది. ఇన్నేళ్ళ రచనలో నాకెవరూ చెప్పని రోగం అది. అన్నీ తెలిసినవాడు అందరి నోళ్ళూ తనే మాట్లాడేస్తే, వినేవాడికి అందరి వెనకా ఒక్కడే కనిపిస్తాడు. నా కూతురి పెళ్ళి చెడగొట్టడానికి నా శైలి ఒక్కటి చాలు.

"సరే, నువ్వు చెప్పమ్మా. ఆ పాప మనసు ఎట్లాంటిది?"

"మనసా? నేనేమన్నా దూరి చూసినానా? చూసింది చెప్తా, విను. కోపం ఉండాది. ఒకనాడు ఫోన్లో ఎవుర్నో అరిచి, నా గేటు దడేలుమని వేసింది. కొక్కెం ఊడి పడింది."

పెద్దాయన తల ఒక పక్కకు వంగింది. నేను కళ్ళు మూసుకున్నాను.

"మూడో నాడు చూస్తే కొత్త కొక్కెం ఉండాది. ఆమే మనిషిని పిలిపిచ్చి వేయించింది. నాతో చెప్పలేదు, నేనూ అడగలేదు. వంట రాదు. ఆదివారం మాడిన వాసన నా దేవుని గూటి దాకా వస్తుంది. నాకు మోకాలు వాచినప్పుడు ఆఫీసుకి లేటయినా ఆటోలో తీస్కపోయింది. దారంతా ఫోనే చూసింది, నాతో రెండు మాటలు కూడా మాట్లాడలేదు. చెయ్యి మాత్రం వదల్లేదు."

"వాళ్ళ నాయన?"

"చీమని చూపిస్తే ఏనుగంటాడు. చెడ్డోడు కాదు. ఒక చోట కూర్చోలేడు, అంతే. ఇప్పుడు కూడా పైన నిలబడి వింటాంటాడు."

నేను గభాల్న కూర్చున్నాను. ఆ వారంలో నేను కూర్చోవడం అదే మొదలు. సరిగ్గా అప్పుడే పక్కింటి సంపు నింపడానికి నీళ్ళ ట్యాంకరు వచ్చి మా గేటు ముందు ఆగి గుర్రుమనడం మొదలెట్టింది. ప్రపంచంలో ఉన్న డీజిలు ఇంజన్లన్నీ ఆ ఒక్క లారీలోనే బిగించారేమో అనిపించింది. తల ఎత్తి చూస్తే, ఓనరమ్మ ముందుకు వంగి చాలాసేపు ఏదో చెబుతోంది. పెద్దాయన ఏదో అడిగాడు. ఆవిడ చెయ్యి ఒకసారి పైకి చూపించింది, ఒకసారి తన మోకాలి మీద పెట్టుకుంది. ఒక్క మాటా నాకు వినపడలేదు. ట్యాంకరు వెళ్ళేసరికి పెద్దాయన లేచి దండం పెట్టి వీధి మలుపు తిరుగుతున్నాడు.

నేను ఒక్క అంగలో మెట్లు దిగాను. "ఓనరమ్మా, చివర్న ఏం చెప్పావు?"

"నువ్వు రాసేవాడివి కదప్పా" అంది ఆవిడ చీపురు అందుకుంటూ. "నా తలలో దూరి చూసుకో."

అమ్మాయి మధ్యాహ్నం ఇంటికొచ్చింది. కుండ సంగతి అప్పటికే ఆమెకు తెలుసు. బస్టాపు నుంచి వస్తుంటే ఎళనీరు అతను బొటనవేలు ఎత్తి 'నిండు కుండ!' అని అరిచాడట. నన్ను ఏమైనా అంటే బాగుండేది. వచ్చి మెట్ల మీద కూర్చుంది. ఫోను ఒళ్ళో పెట్టుకుని దాని కవరు అంచు గోటితో లేపుతూ, మళ్ళీ అతికిస్తూ ఉంది. అదే నా కథయితే ఆమె మనసులో తుఫానో, అగ్నిపర్వతమో ఏదో ఒకటి పేల్చేసేవాణ్ణి. ఆ పూట మాత్రం నాకు కనిపించింది ఆ గోరు ఒక్కటే. పక్కన కూర్చోబోతే జరిగి చోటు ఇచ్చింది కానీ, తల ఎత్తలేదు. ఆ ఫోను మోగుతుందో లేదో చెప్పగలిగిన కథకుడు ఆ వీధిలో ఎవడూ లేడు.

సాయంత్రం మోగింది. అబ్బాయి ఫోన్లోంచి నాయనమ్మే మాట్లాడింది. అమ్మాయి స్పీకరు నొక్కింది. మా ఆవిడ పొయ్యి ఆర్పేసింది.

"పాపా, మా తమ్ముడు ఐదుగురిని అడిగినాడు. నలుగురు ఒక్కటే మాట చెప్పినారంట. నేను పెళ్ళయి వచ్చినప్పట్నుంచీ మండీలో కూర్చున్నదాన్ని. క్రేటులో పై వరస పండ్లన్నీ ఒకే తీరుగా మెరుస్తాంటే, అడుక్కి చెయ్యి పెట్టి చూడకుండా కొనను. ఆ ఇంటామె చెయ్యి పెట్టి చూపించింది. మచ్చలు ఉండాయి, కుళ్ళు లేదు. ఇంక నేను సొంతంగా చూడల్ల. రేపు వస్తాండాము. ఒకటే మాట. మేము ఉన్నంతసేపూ మీ నాయన మాట్లాడకూడదు. నేను చూసేకి వచ్చేది నిన్ను. ఆయన చెప్పే నిన్ను కాదు."

ఉపన్యాసానికి రాలేనని కబురు పంపాను. నాకూ జ్వరమేనని వాళ్ళు అర్థం చేసుకున్నారు. వెళ్ళి ఉంటే ఏం చెప్పేవాణ్ణో ఆ రాత్రి పక్క మీద దొర్లుతూ ఆలోచించాను. అంతా తెలిసినవాడి గొప్ప తెలియడంలో లేదు, తెలిసినదాంట్లో ఎంత మింగి ఊరుకున్నాడన్న దాంట్లో ఉంది. మన్నన ఉన్న కథకుడు పాత్ర గుమ్మం దగ్గర కాసేపు చెప్పులు విడిచి నిలబడతాడు. ఇలాంటివే. ముసాయిదాలో మాత్రం అప్పటికే పన్నెండు పేజీలు వేరే రాసి ఉన్నాయి.

ఆదివారం నాయనమ్మ, ఆవిడ తమ్ముడు, అబ్బాయి వచ్చారు. ఓనరమ్మని కూడా పైకి పిలిచాం. నా నోట్లో మా ఆవిడ ముందుజాగ్రత్తగా ఇటుకంత మైసూరుపాకు పెట్టి కూర్చోబెట్టింది. అది కరిగేకొద్దీ నా గుండె దడ పెరిగింది. నాయనమ్మ సన్నగా, నిటారుగా, తూకపు ముల్లులా కూర్చుని అమ్మాయిని సూటిగా అడిగింది.

"మావోనిలో ఏం చూసినావు?"

నా దగ్గర సిద్ధంగా ఐదు జవాబులున్నాయి, ఒక్కోదానికీ రెండేసి ఉపమానాలు. అమ్మాయి వెంటనే మాట్లాడలేదు. నేను పెదవి విప్పబోయాను. మా ఆవిడ మోకాలు నా మోకాలికి తగిలింది. అబ్బాయి కూడా ఏమీ అనలేదు, ఆమె వైపు చూస్తూ ఊరుకున్నాడు.

"మా ఇంట్లో" అంది అమ్మాయి చివరికి, "నేను నోరు తెరవకముందే నా మనసులో ఏముందో నాన్న చెప్పేస్తాడు. చాలాసార్లు తప్పే. ఇతనికి నా గురించి ఏమీ తెలియదండీ. అందుకని అడుగుతాడు. అడిగి, నేను చెప్పేదాకా ఆగుతాడు."

మైసూరుపాకు నా గొంతులో అడ్డం తిరిగింది. ఇరవై ఆరేళ్ళ నుంచి నేను రాస్తున్న పాత్ర అది. అందులో ఇలాంటి వాక్యం ఒక్కటీ నేను రాయలేదు, రాయగలిగేవాణ్ణి కూడా కాదు. అమ్మాయి నా వైపు చూడలేదు. చూడకపోవడం మేలయింది.

నాయనమ్మ ఆ అబ్బాయిని కాసేపు ఎగాదిగా చూసింది. "వాడు చిన్నప్పట్నుంచీ అంతే" అంది. "ఏమీ తెలీదు." తర్వాత మా ఆవిడ వైపు తిరిగి, "పంచాంగం ఉందా ఇంట్లో?" అంది.

అబ్బాయి ఫోను తీశాడు. "దాంట్లో కాదురా" అంది ఆవిడ. "కాగితంది."

మా ఇంట్లో లేదు. మా ఆవిడ నా వైపు చూసింది. "నా ఇంట్లో ఉండాది, దేవుని గూట్లో, తలుపు తీసే ఉండాది పోప్పా" అంది ఓనరమ్మ. వారం నుంచీ నా కాళ్ళు ఎదురుచూస్తున్న పని అది. చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగాను, రెండేసి, మూడేసి. సగం మెట్ల మీద ఉండగా పైన అందరూ ఒక్కసారి పగలబడి నవ్వారు. అందులో మా అమ్మాయి నవ్వు విడిగా వినపడింది. దేనికి నవ్వారో తెలియదు. నేను ఆగలేదు.